కంప్యూటర్‌కు మందు కొనే ముందు

పిల్లల చదువు కోసం కంప్యూటర్ కొన్న రైతులు దాంట్లోనే పాసు పుస్తకం, 1-బి నకళ్లు కూడా దాచుకుంటున్నారు. వైరస్ పడితే అవి తెరుచుకోకపోవచ్చు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. దాన్ని ఆపే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ కంపెనీ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి.

మరి ఏ ఆంటీవైరస్ కొనాలి? తొందరపడొద్దు. విండోస్ 11 ఉంటే డిఫెండర్ అందులోనే వస్తుంది, పైసా కట్టక్కర్లేదు. ఇంటి వాడకానికి అది చాలు. ‘విండోస్ సెక్యూరిటీ’ తెరిచి పనిచేస్తోందో లేదో చూసుకోండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అదే ఉంటే, ఆంటీవైరస్‌కు పెట్టే డబ్బు 11కు మారడానికి పెట్టండి.

కొన్నా ఒక్కటే వేసుకోండి. రెండు మందులు కలిపి కొడితే ఆకు మాడినట్టు, రెండు ఆంటీవైరస్‌లు ఒకదానికొకటి అడ్డుపడి మిషను మొరాయిస్తుంది. ‘మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి’ అని తెరమీద వస్తే చెయ్యకండి, అది మోసం. డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పండి.

నకళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఊడదీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కే గుచ్చి వదిలేస్తే దానికీ తాళం పడుతుంది.