కజఖ్ భాషలో విశేషణమూ, విమర్శా

కజఖ్ వ్యాకరణంలో విశేషణాన్ని 'సిన్ ఎసిమ్' అంటారు. 'ఎసిమ్' అంటే పేరు, నామం. 'సిన్' అన్న మాటకు గుణం, రూపం, పరీక్ష, తీర్పు అనే అర్థాలున్నాయి. కజఖ్ సాహిత్యంలో విమర్శను కూడా 'సిన్' అనే అంటారు. విమర్శకుడు 'సిన్షి'. సాహిత్య విమర్శ ఒక ప్రక్రియగా పుట్టకముందే ఆ పచ్చిక మైదానాల్లో 'సిన్షి' వుండేవాడు. గుర్రాన్ని చూసి అది ఎంత దూరం పరుగెత్తగలదో, పందెంలో నిలుస్తుందో లేదో చెప్పగలిగినవాడిని అలా పిలిచేవారు. తొలిబాయ్ అనే సిన్షి పేరు అక్కడి జానపద కథల్లో వుంది. మనకు విశేషణమంటే విశేషాన్ని తెలిపేది. వారికి అది పరీక్షించి తేల్చిచెప్పే మాట. వస్తువు ముఖం కనపడకుండా విశేషణాలు గుప్పించే మన వచన కవులు కొందరు ఈ పేరు దగ్గర కాసేపు ఆగితే మంచిది.

కజఖ్ తుర్కిక్ కుటుంబానికి చెందిన భాష. 1856లో కాల్డ్‌వెల్ ద్రావిడ భాషలను తాను 'సిథియన్' అని పిలిచిన వర్గంతో ముడిపెట్టాడు. తుర్కిక్ భాషలు కూడా ఆ వర్గంలోవే. ఆ చుట్టరికం రుజువు కాలేదు, నేటి భాషాశాస్త్రం దాన్ని అంగీకరించదు. అయినా కజఖ్ వ్యాకరణం తెరిచిన తెలుగు వ్యక్తికి, చుట్టరికం లేని యింట్లో తెలిసిన సామాను కనిపించినట్లుంటుంది. 'జక్సి' అంటే మంచి. 'జక్సి కితాప్' మంచి పుస్తకం, 'జక్సి కితాప్తార్' మంచి పుస్తకాలు, 'జక్సి కితాప్తార్దా' మంచి పుస్తకాల్లో. బహువచనమూ విభక్తీ నామానికే అంటుకున్నాయి, విశేషణం కదలలేదు. రష్యన్ విశేషణం అలా కాదు. లింగం, వచనం, విభక్తి ఏది మారినా నామంతోపాటు అదీ వేషం మార్చుకోవలసిందే. 'ఉయ్' అంటే యిల్లు. 'ఉయ్‌దెగి కితాప్' అంటే ఇంట్లోని పుస్తకం. మన 'లోని' చేసే పనిని అక్కడ 'దెగి' చేస్తున్నది. 'ఒకిగన్ అదమ్' అంటే చదివిన మనిషి, అనగా చదువుకున్నవాడు. క్రియలోంచి విశేషణాన్ని తీయడంలో రెండు భాషలదీ ఒకే దారి.

తేడాలు వాక్యం చివర బయటపడతాయి. 'ఒల్ జస్' అన్నది రెండు మాటల వాక్యం. 'ఒల్' అంటే అతడు, ఆమె, అది - మూడూ. 'జస్' అంటే వయసులో చిన్న. దీన్ని తెలుగు చేయాలంటే ముందు అతడో ఆమో తెలుసుకోక తప్పదు. అతడైతే చిన్నవాడు. ఆమె అయితే చిన్నది. అంటే దూడకూ రాయికీ పెట్టే ప్రత్యయమే ఆమెకూ పెడతాం. దీనికి మన వ్యాకరణవేత్తలు మహత్తు, అమహత్తు అని శాస్త్రీయంగా పేర్లు పెట్టుకున్నారు. కజఖ్ విశేషణానికి ఈ వివక్ష తెలియదు. అంతమాత్రాన కజఖ్ సమాజంలో స్త్రీ పురుషులు సమానంగా వున్నారని చెప్పలేం. భాషను చూసి సమాజాన్ని అంత సులువుగా వూహించడం తగదు. తెలుగు వాక్యం మాత్రం ప్రతిసారీ ఆ ప్రశ్న అడుగుతుంది, అది మరచిపోరాదు. మరొక తేడా: 'జక్సి' మార్పేమీ లేకుండా క్రియ ముందూ నిలుస్తుంది. 'జక్సి ఒకిది' అంటే బాగా చదువుతాడు, లేదా చదువుతుంది. మనకు 'గా' కావాలి.

తీవ్రత చెప్పే పద్ధతి మరీ ముచ్చటైనది. 'కిజిల్' ఎరుపు, 'కిప్-కిజిల్' ఎర్రటి ఎరుపు. 'కరా' నలుపు, 'కప్-కరా' కారునలుపు. 'సరి' పసుపు, 'సప్-సరి' నిండు పసుపు. మాటలోని మొదటి అక్షరాన్ని తీసుకుని 'ప్'తో మూసి, ఆ వెనుక మొత్తం మాట పెడతారు. 'అక్' అనే తెలుపు మాత్రం 'అప్పక్' అవుతుంది. ఇది మనకు కొత్త కాదు. పగలు - పట్టపగలు, కడ - కట్టకడ, చివర - చిట్టచివర, నడుమ - నట్టనడుమ. మొదటి అచ్చు మీది భాగం పోయి ద్విరుక్త టకారం రావడాన్ని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. అక్కడ 'ప్', ఇక్కడ 'ట్ట'. అయితే మనం దీన్ని చోటుకూ కాలానికీ వాడుకున్నాం, వారు రంగుకూ గుణానికీ వాడుకున్నారు. తగ్గించి చెప్పడానికీ వారికి ప్రత్యయాలున్నాయి. 'కిజ్‌గిల్త్' ఎర్రగా తోచేది, 'సర్‌గిష్' పసుపుపచ్చగా తోచేది.

రంగుల దగ్గర నిదానించాలి, అనువాదకులు తప్పటడుగు వేసేది అక్కడే. 'కొక్' నీలం. ఆకాశం 'కొక్', లేత గడ్డీ 'కొక్', బూడిదరంగు గుర్రమూ 'కొక్'. వసంతం 'కొక్తెమ్'. మన 'పచ్చ' పైరుకూ పసుపుకూ చెల్లినట్లే ఇదీ. గుర్రాల రంగులకు 'తొరి', 'జీరెన్', 'బొజ్', 'కురెఙ్' అని వేరే మాటలే వున్నాయి. కర్రావు, కపిలావు, పుల్లావు, మైలావు అని పిలిచిన మన పశుపాలకులకు ఆ అవసరం అర్థమవుతుంది. పశువు బతుకుదెరువైనచోట విశేషణం అలంకారం కాదు, మందలో తప్పిపోయిన దాన్ని వెతికే ఆనవాలు.

'కరా' కథ వేరు. పాత కజఖ్ సమాజంలో చెంగిజ్ ఖాన్ వంశీకులది 'అక్ సుయెక్' - తెల్ల ఎముక. సామాన్యులది 'కరా సుయెక్' - నల్ల ఎముక. జనసామాన్యం 'కరా హలిక్'. పాలకవర్గం తనకు తెలుపు వుంచుకుని జనానికి నలుపు అంటగట్టింది. కాని ఆ నలుపు అవమానం దగ్గర ఆగిపోలేదు. తండ్రి నుంచి వచ్చిన యిల్లు 'కరా షాఙిరాక్', ఎంతో గౌరవమైన మాట. జానపదుల పద్యరూపం 'కరా ఒలెఙ్'. వచనం 'కరా సొజ్', మక్కికి మక్కి చెబితే నల్లని మాట. అలంకారం లేని, అందరిదీ అయిన మాట అని దాని అర్థం. అబాయ్ కునన్‌బాయెవ్ (1845-1904) వచన రచనకు ఇదే పేరు. దాన్ని 'నల్లని మాటలు' అని తెలిగిస్తే నవ్వులపాలవుతాం. వట్టి 'మాటలు' అంటే జనం ఎగిరిపోతారు. 'సాదా మాటలు' కొంత నయం. మధ్య ఆసియా సాహిత్యం మనకు చాలాభాగం రష్యన్ మీదుగానో ఇంగ్లీషు మీదుగానో వచ్చింది. మధ్య మజిలీలో ఇలాంటి విశేషణాలు ఎన్ని జారిపోయాయో లెక్క తీయవలసిన పని మన పరిశోధక విద్యార్థులకు మిగిలే వుంది.

ఇక విశేషణాన్ని పుట్టించే ప్రత్యయాలు. 'తుజ్' ఉప్పు, 'తుజ్‌ది' ఉప్పున్నది, 'తుజ్‌సిజ్' ఉప్పులేనిది. 'ఉయ్‌సిజ్' యిల్లు లేని. వేరొక ప్రత్యయం 'షిల్', దేనివైపైనా మొగ్గు వుండటాన్ని చెబుతుంది. 'ఎఙ్బెక్' శ్రమ, 'ఎఙ్బెక్‌షిల్' శ్రమించే స్వభావం గల. 'ఉల్త్' జాతి, 'ఉల్త్‌షిల్' జాతీయవాది. విశేషణానికి బహువచనం తగిలిస్తే అది నామమై మనుషుల గుంపుకు పేరవుతుంది. 'జస్' చిన్న, 'జస్తార్' యువజనం. 'బాయ్' ధనిక, 'బాయ్‌లార్' ధనికులు. 'కెదెయ్' పేద, 'కెదెయ్‌లెర్' పేదలు. మన పేద - పేదలు కూడా యింతే.

వ్యాకరణంలో ఇది చిన్న సూత్రం. 1928లో సోవియట్ ప్రభుత్వం బాయ్‌ల మందలను స్వాధీనం చేసుకుని వారిని ప్రవాసం పంపింది. మందలను నమ్ముకుని బతికిన వర్గసమాజంలో దోపిడీ వుంది, కాదనలేం. కాని సమష్టీకరణ రోజుల్లో ఆ ముద్ర మామూలు పశుపాలకుల మీదా పడింది. గుణం తెలిపే మాట నేరం తెలిపే మాటయింది. 1930-33 కరువులో కజకిస్తాన్‌లో సుమారు 15 లక్షలమంది చనిపోయారు. అభ్యుదయ పత్రికల్లో మనం ఈ సంగతి చాలాకాలం రాయలేదు.

'సిన్ ఎసిమ్' వంటి వ్యాకరణ పరిభాషను స్థిరపరచినవాడు అహ్మెత్ బాయ్‌తుర్సిన్‌ఉలి, వృత్తిరీత్యా బడిపంతులు. కజఖ్ ధ్వనులకు తగినట్లు అరబీ లిపిని సంస్కరించాడు. 1910 దశకంలో 'తిల్ కురాల్' అనే పాఠ్య వ్యాకరణం, 1926లో సాహిత్య సిద్ధాంతం మీద 'అదెబియెత్ తానిత్కిష్' రాశాడు. జారు ప్రభుత్వం 1909లో ఆయన్ని జైల్లో పెట్టింది. విప్లవం తర్వాత కొంతకాలం విద్యాశాఖ బాధ్యత చూశాడు. 1929లో మళ్ళీ అరెస్టు చేశారు, 1937 డిసెంబరులో కాల్చిచంపారు. ఆయన మీద వేసిన ముద్ర 'ఉల్త్‌షిల్', ఆయన బడిపిల్లలకు బోధించిన విశేషణాల తరగతికి చెందిన మాటే. మన విమర్శలో 'ప్రగతినిరోధక', 'పెటీ బూర్జువా' అన్న విశేషణాలు ఎన్నిసార్లు రచనను చదవకుండానే వచ్చి కూర్చున్నాయో పాత సంచికలు తిరగేస్తే కనిపిస్తుంది. గుర్రాన్ని చూసే సిన్షి కనీసం దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు.

1988లో బాయ్‌తుర్సిన్‌ఉలిని నిర్దోషిగా ప్రకటించారు. అంతదాకా ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో లేదు. విశేషణం పాఠానికి మాత్రం ఆ యాభై ఏళ్ళూ 'సిన్ ఎసిమ్' అన్న శీర్షికే వుంది.