కాలేయ వైరస్‌లు – అలసిపోయే టి-కణాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• కామెర్లు తగ్గడానికీ, వైరస్ శరీరం నుంచి పోవడానికీ గల తేడాను చెప్పగలగాలి.
• కొందరిలో హెపటైటిస్ వైరస్ ఏళ్ల తరబడి ఎందుకు నిలిచిపోతుందో టి-కణాల ఆధారంగా వివరించగలగాలి.

1. పసరు మందు, పచ్చదనం

ఉప్పునుంతల, అచ్చంపేట వైపు పల్లెల్లోనూ, రాష్ట్రంలోని ఇతర పల్లెల్లోనూ కామెర్లు వస్తే పసరు మందు తాగించేవారు ఇప్పటికీ ఉన్నారు. కొన్ని వారాల్లో కళ్ల పచ్చదనం తగ్గుతుంది. మందు పనిచేసిందని ఇంటివాళ్లు నమ్ముతారు. నిజానికి కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, ఇ వ్యాధులు చాలామందిలో పసరు తాగినా తాగకపోయినా తగ్గిపోతాయి.

చిక్కు రక్తం, శరీర ద్రవాల ద్వారా సోకే బి, సి వైరస్‌లతో వస్తుంది. పచ్చదనం పోయినా ఇవి కాలేయంలో ఉండిపోవచ్చు. ఒక్కోసారి కామెర్లు కనిపించకుండానే నిలిచిపోతాయి. మనిషి మామూలుగా పొలం పని చేసుకుంటూనే ఉంటాడు. కొన్ని దశాబ్దాల తర్వాత సిర్రోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిపోవడం, లేదా కాలేయ క్యాన్సర్ బయటపడుతుంది.

2. కాలేయాన్ని దెబ్బతీసేది ఎవరు?

బి, సి వైరస్‌లు సాధారణంగా కాలేయ కణాలను నేరుగా చంపవు. వైరస్ చేరిన కణం తన ఉపరితలం మీద వైరస్ ప్రోటీన్ ముక్కలను ప్రదర్శిస్తుంది. సి.డి.8 టి-కణాలు వాటిని గుర్తుపట్టి రెండు పనులు చేస్తాయి. మొదటిది, ఆ కణాన్ని చంపడం. రెండవది, ఇంటర్‌ఫెరాన్-గామా వంటి పదార్థాలను విడుదల చేసి వైరస్ వృద్ధిని అణచడం.

కాబట్టి కాలేయానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం మన రక్షక కణాల పోరాటం వల్లనే కలుగుతుంది. పోరాటం త్వరగా, బలంగా సాగితే వైరస్ పోతుంది, కాలేయం కోలుకుంటుంది. అరకొరగా సాగితే వైరస్ పోదు, నష్టమూ ఆగదు.

3. రఫీ అహ్మద్ పరిశోధన

పోరాటం అరకొరగా ఎందుకు మారుతుంది? ఈ ప్రశ్నకు ముఖ్యమైన సమాధానం హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలో స్థిరపడిన రోగనిరోధక శాస్త్రవేత్త రఫీ అహ్మద్ పరిశోధనల నుంచి వచ్చింది. ఆయన ఎల్.సి.ఎం.వి. అనే వైరస్‌ను ఎలుకల్లో అధ్యయనం చేశారు. ఈ వైరస్‌లో ఒక రకం కొద్ది రోజుల్లో పోతుంది, మరొక రకం దీర్ఘకాలం ఉంటుంది. ఒకే జంతువులో రెండు ఫలితాలనూ పోల్చి చూడటానికి ఇది వీలు కల్పించింది.

దీర్ఘకాలిక వ్యాధిలోనూ టి-కణాలు ఉంటాయని, కానీ పని చేయలేని స్థితికి చేరుకుంటాయని 1998లో ఆయన బృందం చూపింది. దీనినే టి-కణాల అలసట అంటారు. రాత్రి తర్వాత రాత్రి అడవిపందులను తరిమే కావలివాడు మంచె మీదే ఉన్నా, కేక వేసే ఓపిక లేకపోవడం వంటిది ఇది.

అలసిన కణాల మీద పి.డి.-1 అనే ప్రోటీన్ అధికంగా ఉంటుంది. ఇది టి-కణానికి బ్రేకు వంటిది. ఈ బ్రేకును అడ్డుకుంటే టి-కణాలు కొంత శక్తిని తిరిగి పొందాయని, వైరస్ పరిమాణం తగ్గిందని 2006లో రఫీ అహ్మద్ బృందం ప్రకటించింది. మరుసటి ఏడాది, దీర్ఘకాలిక హెపటైటిస్-సి రోగుల కాలేయంలో చేరిన టి-కణాలలోనూ పి.డి.-1 అధికంగా ఉన్నట్లు ఆయన సహ రచయితగా ఉన్న అధ్యయనం తెలిపింది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బ్రేకు ఉండటానికి కారణం ఉంది. టి-కణాలన్నీ ఒక్కసారిగా విజృంభిస్తే కాలేయమే దెబ్బతినవచ్చు. పి.డి.-1ను అడ్డుకునే మందులు నేడు అనేక క్యాన్సర్లకు వాడుతున్నా, వైరల్ హెపటైటిస్‌కు అవి సాధారణ చికిత్స కావు.

4. మన ఊరికి దీని అర్థం

పెద్దవారిలో హెపటైటిస్-బి సోకితే నూటికి 95 మందికి పైగా వైరస్‌ను వదిలించుకుంటారు. పుట్టినప్పుడు సోకిన శిశువుల్లో సుమారు 90 శాతం మందిలో అది దీర్ఘకాలికమవుతుంది. శిశువు రోగనిరోధక వ్యవస్థ ఇంకా పరిపక్వం కాకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. అందుకే పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకాకు అంత విలువ. ఈ టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా తయారుచేసి చవకగా అందించింది.

ఇప్పటికే వైరస్ ఉన్నవారికి దారి రక్త పరీక్షే. హెపటైటిస్-సి నేడు నోటి మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. బి వైరస్‌ను మాత్రలతో అదుపులో ఉంచవచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, చికిత్స ఉచితం. కళ్లు తెల్లబడ్డాయా అన్నది కాదు, రక్తంలో వైరస్ ఉందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హెపటైటిస్-ఎ సోకిన వ్యక్తికి పసరు పనిచేసినట్లు ఎందుకు కనిపిస్తుంది?
2. టి-కణాలు ఉండి కూడా వైరస్ ఎందుకు పోదు? పి.డి.-1 పాత్రను వివరించండి.
3. కాన్పు ఇంట్లో జరిగిన శిశువుకు మొదటి రోజు టీకా తప్పిపోయే ప్రమాదాన్ని మీ ఊరి తల్లికి అర్థమయ్యేలా ఐదు వాక్యాల్లో రాయండి.