భూమి మీద నుంచి దిగిన పన్ను ఎవరి నెత్తికెక్కింది?

కూలీల సమావేశాల్లో పన్నుల మాట ఎత్తితే ఎక్కడైనా ఒకటే జవాబు వస్తుంది. "మాకు సెంటు భూమి లేదు. పన్నులు కట్టేది ఆసాములు. మాకెందుకండీ ఆ గొడవ?" అంటారు. పైకి చూస్తే నిజమే. శిస్తు రసీదు మీద కూలీ పేరు ఏనాడూ లేదు. ఆదాయపు పన్ను నోటీసు పాక గుమ్మం తొక్కదు. కానీ కిరాణా కొట్టులో సబ్బుబిళ్ల కొన్నా, ట్రాక్టరు కిరాయి ఇచ్చినా, సాయంత్రం సీసా మూత తీసినా కూలీ పన్ను కడుతూనే ఉన్నాడు. ఆ పన్నుకు ఎవరూ వాడికి రసీదు ఇవ్వరు, అంతే తేడా.

ఈ రసీదు లేని పన్ను ఇంత లావుగా ఎట్లా పెరిగింది? భూమి మీద, ఆస్తుల మీద ఉండే పన్నును ఏలినవారు ఒక్కొక్క మెట్టే దింపుకుంటూ వచ్చారు. దింపిన ప్రతిసారీ ఖజానాలో పడిన బొక్కను దేనితో పూడ్చారో చూస్తే సంగతి బోధపడుతుంది.

శిస్తు మీద పోరాటం న్యాయమైనదే

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. తెల్లదొరల కాలంలో భూమి శిస్తు రైతును పీల్చి పిప్పి చేసింది. మద్రాసు రాజధానిలో మన్రో పాదుకొల్పిన రైతువారీ పద్ధతిలో, పండినా ఎండినా కిస్తీ కట్టాల్సిందే. కట్టలేకపోతే పశువుల్నీ చెంబూ తపేలానూ జప్తు చేసేవారు. అందుకే 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు పన్నుల నిరాకరణకు దిగారు. అంతకు కొంచెం ముందే చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లు వదిలేసి రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో నెలల తరబడి గడిపారు. నైజాంలో శిస్తుకు తోడు లెవీ ధాన్యం, వెట్టిచాకిరి. వాటి మీదే తెలంగాణ రైతాంగం 1946 నుంచి 1951 దాకా సాయుధంగా పోరాడింది.

కాబట్టి పేదరైతు మీద శిస్తు పోవాలనడంలో తప్పేమీ లేదు. ఆ కోరిక రైతు సంఘాలదే. అయితే పేదరైతు పేరు చెప్పి పెద్ద ఆసామి కూడా తప్పుకున్నాడు. అతను తప్పుకున్న బరువును సెంటు లేని కూలీ మీదికి నెట్టారు. మన తగాదా అక్కడే.

1939 పాఠం

మద్రాసులో 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టింది. మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలకూ దాన్ని విస్తరించింది. తాగుడు మానిపించడం మంచి పనే. కానీ ఆబ్కారీ రాబడి పోయింది కదా, ఆ లోటు ఎవరు భరించాలి? అప్పటికి జమీందార్లు ఉన్నారు, షావుకార్లు ఉన్నారు, మిల్లు యజమానులు ఉన్నారు. ప్రభుత్వం మాత్రం 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చింది. దేశంలో సాధారణ అమ్మకం పన్ను అన్నది అదే మొదలు. సరుకు చేయి మారినప్పుడల్లా పన్ను పడేది. వర్తకుడు దాన్ని ధరలో కలిపేసి చివరికి కొనేవాడి దగ్గర రాబట్టుకున్నాడు.

అప్పుడు మొదలైన పన్ను మళ్లీ దిగిపోలేదు. మద్యనిషేధం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. అమ్మకం పన్ను పేరు మార్చుకుని వ్యాట్ అయింది, 2017 జూలై నుంచి చాలా సరుకుల మీద జీఎస్టీ అయింది. మనిషి మాత్రం మారలేదు. కట్టేది కొనుక్కు తినేవాడే.

శిస్తు తరిగింది, సారా పెరిగింది

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో రాష్ట్రాలకు భూమి శిస్తు ముఖ్యమైన రాబడుల్లో ఒకటి. రానురాను అది కుంచించుకుపోయింది. పంట ధరలు పెరుగుతున్నా శిస్తు రేటు రూపాయల్లో పాతుకుపోయింది. పెంచాలంటే శాసనసభలో చెయ్యెత్తాల్సింది ఎవరు? భూములున్నవారే. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. తోటల యజమానులున్న కొన్ని రాష్ట్రాలు తప్ప దాన్ని గట్టిగా వాడుకున్నవారు లేరు.

1972లో కె.ఎన్. రాజ్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ ఒక దారి చూపింది. అందరి మీదా ఒకే రేటు శిస్తు వద్దంది. చిన్న కమతాలను వదిలేసి, పెద్ద కమతాలపై కమతం విలువ పెరిగేకొద్దీ పన్ను రేటూ పెరిగేటట్టు కమతాల పన్ను వేయమంది. నిజంగా రైతును ఆదుకోవాలనుకున్న ప్రభుత్వానికి అంతకంటే సులువైన దారి లేదు. ఆ సిఫారసు అటకెక్కింది.

మన రాష్ట్రంలో 1980 దశకం వచ్చేసరికి భూమి శిస్తు కథ ముగిసింది. 1988 నాటి నీటి పన్ను చట్టంతో ప్రభుత్వ నీరు పారే భూములకు తీరువా మిగిలింది. అదే దశకంలో ఇంకో ప్రవాహం మొదలైంది. 1983లో వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పేదవాడు ఆ మేలు మరిచిపోడు. అదే ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపింది. మంచినీళ్లు రాని వాడకు కూడా సారా వేళకు వచ్చేది. ఇంట్లో ఆడమనిషి చేతికి బియ్యం సంచి, మగవాడి చేతికి సారా ప్యాకెట్. బియ్యానికి ఇచ్చిన సబ్సిడీలో ఎంత భాగం ప్యాకెట్ల మీదుగా తిరిగి ఖజానాకు చేరిందో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు.

దూబగుంట అడిగింది, హైదరాబాదు ఇంకోటి చేసింది

లెక్క తేల్చింది కూడా ఇల్లాలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. కూలి ఆడవాళ్లు గెలిచిన పోరాటం అది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1939 కథే మళ్లీ నడిచింది. రాబడి పోయిందని ప్రభుత్వం గగ్గోలు పెట్టింది. ఆ లోటును పెద్ద ఆస్తులున్నవారి దగ్గర రాబట్టవచ్చు కదా అన్న మాట చెవికెక్కలేదు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. వ్యవసాయ కరెంటు రేట్లు పెరిగాయి. నీటి తీరువా మూడింతలకు మించి పెరిగి, కాలువ కింద మొదటి తరి పంటకు ఎకరాకు 200 రూపాయలయింది. పెద్ద ఆసామికి అది పెద్ద లెక్క కాదు. కౌలురైతు కౌలుతో పాటు దాన్నీ మొయ్యాల్సి వచ్చింది. పోనీ ఇంత చేశాక మద్యనిషేధమైనా నిలిచిందా? 1997లో దాన్నీ ఎత్తేశారు. పెంచినవి ఉన్నాయి, సీసా కూడా వచ్చేసింది. బియ్యం ధర మళ్లీ రెండు రూపాయలకు దిగడానికి 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ మద్యం లేకపోతే బడ్జెట్ నడవదన్న స్థితి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, పెట్రోలు, డీజిలూ లేవు. రాష్ట్రాలు సొంతంగా రేటు పెంచుకోగలిగినవి ఇవే మిగిలాయి. కనుక కష్టమొచ్చినప్పుడల్లా చూపు సీసా మీదికే పోతుంది. దశలవారీ నిషేధం అని ఓట్లడిగి వచ్చిన ప్రభుత్వం ఆంధ్రలో దుకాణాలు తానే నడిపింది. 2022లో రేపు రాబోయే మద్యం రాబడిని చూపించి బెవరేజెస్ కార్పొరేషన్ పేర 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది. రేపు తాగబోయే తాగుడును కూడా ఇవాళే తాకట్టు పెట్టారన్నమాట. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ అక్టోబరులో దుకాణాలను ప్రైవేటువారికిచ్చి, క్వార్టరు 99 రూపాయలకే అందిస్తున్నామని గొప్పగా చెప్పుకుంది.

ఆ 99 రూపాయల లెక్క ఒకటి వేసుకుందాం. వారానికి మూడు సీసాలు తాగే కూలీ ఏడాదికి 15,444 రూపాయలు పోస్తాడు. అందులో సగమే ఖజానాకు పోతుందనుకున్నా 7,722 రూపాయలు. ఎకరా 200 రూపాయల తీరువా రేటుతో చూస్తే, 38 ఎకరాల తరి పొలానికి ఒక పంటకు కట్టే నీటి పన్ను అంత. భూమి లేనివాడు 38 ఎకరాల ఆసామితో సమానంగా ప్రభుత్వాన్ని పోషిస్తున్నాడు. మంచి మర్యాద మాత్రం ఆసామికే.

ఢిల్లీలోనూ ఇదే తంతు

పల్లెలో జరిగిందే ఢిల్లీలో పెద్ద ఎత్తున జరిగింది. చచ్చిపోయిన ధనవంతుడి ఆస్తి మీద వేసే ఎస్టేటు సుంకం 1953లో వచ్చింది. 1985లో రద్దయింది. బతికున్నవారి సంపద మీద 1957లో వేసిన పన్నును 2015 బడ్జెట్‌లో తీసేశారు. కోటికి మించిన వార్షికాదాయం మీద సర్‌చార్జి పెంచి, దానికి బదులు ఇదే అన్నారు. రెండుసార్లూ చెప్పిన కారణం ఒకటే. వచ్చేది తక్కువ, వసూలు ఖర్చూ తలనొప్పీ ఎక్కువ అని. వచ్చేది ఎందుకు తక్కువయింది? దేశంలో ఆస్తులు లేకనా? చట్టంలో కన్నాలు పెట్టింది వారే, కన్నాల్లోంచి కారిపోతోందని కుండ పగలగొట్టిందీ వారే.

2019 సెప్టెంబరులో కంపెనీల ఆదాయం మీద పన్ను రేటును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు. దీనివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల రూపాయల రాబడి వదులుకుంటున్నామని ప్రభుత్వమే లెక్క చెప్పింది. తర్వాత ఎనిమిది నెలలకు, 2020 మేలో, కరోనా లాక్‌డౌన్‌లో పనుల్లేక కూలీలు అల్లాడుతుంటే డీజిలు మీద లీటరుకు 13 రూపాయలు, పెట్రోలు మీద 10 రూపాయలు కేంద్ర సుంకం పెంచారు. రాష్ట్రాలకు వాటా ఇవ్వక్కర్లేని సెస్సు, ప్రత్యేక సుంకాల రూపంలో పెంచారు. 2021లో, 2022లో కొంత తగ్గించిన మాట నిజం. ఈలోగా దుక్కి కిరాయి, కోతమిషను కిరాయి, సంతకు పోయే ఆటో కిరాయి అన్నీ పెరిగాయి. పెరిగిన కిరాయి మళ్లీ దిగిందా? మీ ఊళ్లోనే అడిగి చూడండి.

2022 జూలైలో ప్యాకెట్లో కట్టి లేబులు వేసిన బియ్యం, పిండి, పెరుగు మీద కూడా 5 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరులో సబ్బు, తలనూనె, బిస్కట్ల వంటి వాటిని 18 శాతం నుంచి 5కు తెచ్చారు. మంచిదే. కానీ ఎనిమిదేళ్ల పాటు సబ్బుబిళ్ల మీద అంత పన్ను ఎందుకు వేశారో, ఆ ఎనిమిదేళ్లలోనే కంపెనీలకు ఎందుకు తగ్గించారో ఎవరూ సంజాయిషీ చెప్పలేదు.

ఎకరానికి కట్టడం పోయి ఎకరానికి పుచ్చుకోవడం

ఒకప్పుడు ఎకరాల లెక్కన ప్రభుత్వం శిస్తు పుచ్చుకునేది. ఇప్పుడు ఎకరాల లెక్కన ప్రభుత్వమే సొమ్ము ఇస్తోంది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు. ఎన్ని ఎకరాలన్న పరిమితి లేదు. 30 ఎకరాల ఆసామికి ఒక సీజనుకు లక్షా 20 వేలు వచ్చింది. అతని పొలం దున్నుతున్న కౌలురైతుకు పైసా రాలేదు. 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం రైతుభరోసా కింద ఎకరాకు ఏడాదికి 12 వేలు, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12 వేలు అని ప్రకటించింది. కూలీని లెక్కలోకి తీసుకోవడం ఆహ్వానించాల్సిందే. అయినా కొలత చూడండి. కూలీ ఇల్లంతా కలిపితే ఒక్క ఎకరాతో సమానం.

చిన్నరైతుకు సాయం చేయాల్సిందే. ఒకటి రెండు ఎకరాలతో అప్పుల్లో మునుగుతున్నవాడు మనవాడే. చిన్నరైతు పేరుతో పెద్దవాడికి కూడా పంచుతున్న ఆ డబ్బులో సీసా మూత మీద, డీజిలు పంపు దగ్గర కూలీ కట్టిన పన్ను ఉంది. దాన్ని గుర్తించాలి.

ఏం అడగాలి?

పన్నులు లేకుండా ప్రభుత్వం నడవదు. బడి కావాలి, ఆసుపత్రి కావాలి, రోడ్డు కావాలి. కనుక పన్నే వద్దని మనం అనడం లేదు. ఎవరి దగ్గర తీసుకోవాలో చెబుతున్నాం. గ్రామసభల్లో, కూలి సంఘాల మహాసభల్లో ఈ కోర్కెలు చర్చకు పెట్టాలి:

1. పెద్ద ఆస్తుల మీద, వారసత్వంగా వచ్చే కోట్ల సంపద మీద పన్నును తిరిగి పెట్టాలి. కన్నాలు లేని చట్టం కావాలి.

2. చిన్న, సన్నకారు రైతులను పూర్తిగా వదిలేసి, భారీ వ్యవసాయాదాయం మీద కమతాన్నిబట్టి పెరిగే పన్ను వేయాలి. రాజ్ కమిటీ చెప్పి అర్ధశతాబ్దం దాటింది.

3. ఎకరాల లెక్కన ఇచ్చే సాయానికి పరిమితి పెట్టాలి. మిగిలిన సొమ్ము సాగు చేసే కౌలురైతుకూ కూలీకీ చేరాలి.

4. నిత్యావసర సరుకుల మీద జీఎస్టీ, డీజిలు మీద సెస్సులు తగ్గించాలి.

5. మద్యం రాబడి మీద బతికే బడ్జెట్ పద్ధతిని ఏటేటా తగ్గించాలి. ఆ లోటును మళ్లీ బియ్యం మీద, నీటి మీద వేయకూడదు.

అయిదో కోర్కె రెండో సగాన్ని మరీ గట్టిగా పట్టుకోవాలి. 1939లోనూ 1996లోనూ మనం మోసపోయింది అక్కడే. ఒక పన్ను తీసేస్తున్నామని ఏ ప్రభుత్వమైనా దండోరా వేసిన రోజున చప్పట్లు కొట్టే ముందు "దాని బదులు ఏది వేస్తున్నారు? ఎవరి మీద వేస్తున్నారు?" అని నిలబడి అడగాలి. దూబగుంట ఆడవాళ్లు సారా పాట దగ్గర నిలబడి అడిగారు. బడ్జెట్ దగ్గర అడగాల్సిన వంతు ఇప్పుడు మనందరిదీ.