నీటి నడుమ పాలరాతి మేడ – నలుపు తెలుపు ఫోటో

చేతిలో ఫోను ఉండగా నలుపు తెలుపు రీలు ఎందుకమ్మా అనకండి. సరిగ్గా కడిగి భద్రపరచిన నెగెటివు మనవరాళ్ళ కాలం దాకా నిలుస్తుంది. అయితే రీలుకు 36 బొమ్మలే. కాస్త తెలుసుకుని తీయాలి మరి.

రాజస్థాన్‌లోని ఉదయపూర్ సంగతే చూడండి. పిచోలా సరస్సు మధ్య జగ్ నివాస్ అనే తెల్లని మేడ ఉంది. రెండవ జగత్ సింగ్ మహారాణా వేసవి విడిదిగా కట్టించారు. 1746లో పూర్తయింది. 1963లో హోటలయింది. లోపల బస చేయకపోయినా, తూర్పు ఒడ్డున ఉన్న సిటీ ప్యాలెస్ వైపు నుంచి చక్కగా కనిపిస్తుంది.

దీనితో చిక్కు రెండు విధాలండీ.

మొదటిది తెలుపు. లైట్ మీటరుకు తెలుపు, నలుపు తేడా తెలియదు. దేనిని చూపినా బూడిద రంగే అనుకుని లెక్క చెబుతుంది. ఆ లెక్కన తీస్తే పాలరాయి మాసిన గోడలా వస్తుంది. అందుకని మేడకు గురిపెట్టినప్పుడు మీటరు 22 చూపితే మీరు 11 పెట్టండి. అంటే రెండు స్టాపులు ఎక్కువ. ఇంకా పెంచారో, చెక్కడాలు తెలుపులో కలిసిపోతాయి.

రెండవది ఆకాశం. మన కంటికి నీలంగా ఉన్నా, ఈ ఫిల్ము మీద తెల్లబారుతుంది. మేడా తెలుపే, ఆకాశమూ తెలుపే అయితే ఇక కనిపించేదేమిటి? లెన్సుకు పసుపు ఫిల్టరు తగిలించండి. అది నీలి వెలుతురును కొంత ఆపుతుంది, ఆకాశం నల్లబడి మేడ విడిగా కనిపిస్తుంది. ఫిల్టరు వెలుతురును కొంత మింగుతుంది కనుక ఇంకొక స్టాపు పెంచాలి. లెన్సులోంచే కొలిచే కెమెరా అయితే ఆ లెక్క అదే చూసుకుంటుంది.

తూర్పు ఒడ్డు నుంచి తీసేవారికి ఉదయం మంచిది. ఎండ ఏటవాలుగా పడి జాలీల నీడలు తేలుతాయి. సాయంత్రం సూర్యుడు మేడ వెనక్కి వెళతాడు, నల్లని ఆకారమే మిగులుతుంది. పడవలోంచి తీసేటప్పుడు షట్టరు 250కి తగ్గించకండి. లేకపోతే బొమ్మ అదురుతుంది.

చివరగా ఒక మాట. వానలు లేని ఏళ్ళలో పిచోలా ఎండి, నేల బయటపడిన సందర్భాలున్నాయి. కాబట్టి ఒక్క ఫోటోలోనైనా మెట్లూ, నీటి అంచూ పడేట్టు తీయండి. ప్రింటు వెనుక పెన్సిలుతో తేదీ రాయండి. ఆ ఏడు నీరెంత ఉందో తర్వాతివాళ్ళకు అదే చెబుతుంది.