గోల్డ్‌ఫిష్‌కు జబ్బా... నీళ్లకు జబ్బా?

కొత్తగా తెచ్చిన చేప నాలుగు రోజులకే డీలాపడితే మందు కోసం షాపుకు పరుగెత్తకండి. ముందు బకెట్ అందుకోండి.

పుట్టినరోజుకు పిల్లలు పట్టుబట్టి కొనిపించుకున్న గోల్డ్‌ఫిష్ మొదటి రెండు రోజులూ తొట్టె అంతా కలియదిరుగుతుంది. మూడో రోజు మేత ముట్టదు. నాలుగో రోజు రెక్కలు ఒంటికి అంటించుకుని ఓ మూల అడుగున కూర్చుండిపోతుంది. లేదంటే పైకొచ్చి నోరు తెరిచి ఆయాసపడుతుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు ‘మనకు రావాల్సిన కీడు అది తీసుకుపోతోందిలే’ అంటారు. షాపతను నీలంరంగు మందు సీసా ఒకటి చేతిలో పెడతాడు. వారం తిరక్కుండానే చేప చనిపోతుంది. ఇంకోటి కొంటారు. అదీ అంతే.

ఇందులో కీడూ లేదు, దిష్టీ లేదు. కొత్త తొట్టెల్లో చేప ప్రాణం తీసేది చాలాసార్లు అది వదిలిన అమ్మోనియానే.

వెళ్లే దారి లేని విషం

మన ఒంట్లో ప్రొటీన్లు అరిగాక పుట్టే అమ్మోనియాను కాలేయం యూరియాగా మారుస్తుంది, కిడ్నీలు దాన్ని బయటకు పంపేస్తాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవారు మగతలోకి, అయోమయంలోకి జారిపోవటానికి ఒక ముఖ్య కారణం ఈ అమ్మోనియా పేరుకుపోవటమే. చేపలకు ఇంత తతంగం లేదు. అమ్మోనియాను ఉన్నదున్నట్టుగా మొప్పల్లోంచి నీళ్లలోకి వదిలేస్తాయి. చెరువులో అది చెదిరిపోతుంది. పది లీటర్ల గాజు గిన్నెలో ఎక్కడికి పోతుంది? నీళ్లలో పెరిగేకొద్దీ చేప ఒంట్లోంచి బయటకు రావటమూ కష్టమైపోతుంది. మొప్పలు కాలినట్టవుతాయి. రెక్కల మీద ఎర్రటి చారలు తేలతాయి. గోల్డ్‌ఫిష్ బాగా తిని, బాగా విసర్జించే జాతి కాబట్టి దీనికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

పాత తొట్టెల్లో ఈ పని చక్కబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది. ఫిల్టర్ స్పాంజిలో, అడుగు గులకరాళ్ల మీద కాపురం పెట్టి అమ్మోనియాను నైట్రైట్‌గానూ, నైట్రైట్‌ను పెద్దగా హాని చేయని నైట్రేట్‌గానూ మారుస్తుంది. కొత్త తొట్టెలో ఇది తగినంతగా పెరగటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనమేమో ఉదయం తొట్టె కొని, సాయంత్రం చేపను వదిలేస్తాం.

మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా తక్కువదేమీ కాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టేసి ఆక్సిజన్‌ను మోయనివ్వదు. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. నైట్రేట్ ఎక్కువున్న బావి నీళ్లతో పాలు కలిపి పట్టిస్తే పసిపిల్లల ఒళ్లు నీలంగా మారుతుందని డాక్టర్లు హెచ్చరించేది ఇలాంటి మార్పు గురించే.

మరో సంగతి. నీళ్లు వేడిగా, క్షారగుణంతో ఉంటే అంతే అమ్మోనియా ఇంకా ఎక్కువ విషమవుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారగుణంతో ఉంటాయి, వేసవిలో తొట్టె నీళ్లు 30 డిగ్రీలు దాటటమూ మామూలే. వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువ కరుగుతుంది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉండే చేపకు ఇది మూడువైపుల దెబ్బ.

మొదటి రోజు ఏం చేయాలి?

మేత ఆపండి. తినని చేపకు చిటికెడు గింజలు వేస్తూ బతిమాలటం మనకు తృప్తే గానీ, అవి కుళ్లి మరింత అమ్మోనియా అవుతాయి. రెండు రోజులు పస్తుంటే గోల్డ్‌ఫిష్‌కు ఏమీ కాదు.

తర్వాత నీళ్లు పరీక్షించండి. చుక్కలు వేసి రంగు చూసే కిట్లు ఆక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. భీమవరం, కైకలూరు వైపు ఉండేవారైతే సీసాలో నీళ్లు పట్టుకెళ్లి ఆక్వా ల్యాబులో అడిగినా చూసిపెడతారు. రొయ్య నీరసపడితే అక్కడి రైతు మొదట చూసేది చెరువు నీళ్లనే. మన హాల్లోని తొట్టెకూ అదే పద్ధతి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అర పీపీఎంకు చేరితే ఆగొద్దు. పరీక్షకు వీల్లేకపోయినా, తొట్టె కొత్తదై చేప డీలాపడితే నీళ్లు మార్చటం వల్ల నష్టం లేదు.

మార్చటమంటే మొత్తం పారబోసి, తొట్టె తోమి, కొత్త నీళ్లు నింపటం కాదు. చాలామంది చేసే తప్పు ఇదే. దాంతో అప్పుడప్పుడే పుడుతున్న బ్యాక్టీరియా కూడా పోతుంది. మూడో వంతు నుంచి సగం దాకా తీసి, అంతే వెచ్చదనం ఉన్న నీళ్లు నెమ్మదిగా పోయాలి. చేప కోలుకునేదాకా రోజూ ఇలాగే. మున్సిపల్ నీళ్లలోని క్లోరిన్ మొప్పలను కాల్చేస్తుంది. షాపుల్లో ‘యాంటీ క్లోరిన్’ పేరుతో అమ్మే చుక్కలు వేయండి, లేదా నీళ్లను వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా గాలికి ఉంచండి. బోరు నీళ్లనూ కొన్ని గంటలు అలా ఉంచటం మేలు. మనం తాగే ఆర్‌వో నీళ్లు మాత్రం వద్దు, చేపకు కావాల్సిన లవణాలు వాటిలో ఉండవు.

ఎయిర్ పంప్ రాత్రింబవళ్లూ నడవాలి. ‘చప్పుడుకు నిద్ర పట్టటంలేద’ని రాత్రి ఆపేసే ఇళ్లు తక్కువేం కాదు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

ఇక ఉప్పు. కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు అనేది, లీటరుకు 1 గ్రాము చొప్పున తూచి, మగ్గులో కరిగించి, గంటకు కొంచెంగా కలపండి. నైట్రైట్ ఒంట్లోకి చేరకుండా ఇది అడ్డుపడుతుంది. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకు సరిపడా మాత్రమే మళ్లీ వేయాలి. తొట్టెలో మొక్కలుంటే చేపను వేరే టబ్బులో పెట్టి అందులో వేయండి. అవి ఉప్పుకు తట్టుకోలేవు.

ఎక్కువ చేపల్లో రెండు మూడు రోజులకే తేడా కనపడుతుంది. కోలుకునేటప్పుడు ఒంటి మీద నల్లటి మచ్చలు వస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు అవి మానుతున్న గాయాల గుర్తులు.

నిజంగా జబ్బే అయితే

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలుంటే అది ‘ఇక్’ అనే పరాన్నజీవి పని. చేప చర్మంలో దూరి ఉన్నంతసేపూ దాన్ని మందు తాకలేదు. రాలిపడి, పిల్లలు పెట్టి, అవి ఈదుతున్నప్పుడే చస్తాయి. అందుకే చుక్కలు మాయమవగానే చికిత్స ఆపేస్తే మళ్లీ వస్తుంది. మొత్తం రెండు వారాలు కొనసాగించాలి. పక్కకు ఒరిగి, తలకిందులై తేలుతుంటే రెండు రోజులు పస్తుంచి, ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ చిన్న ముక్కలుగా పెట్టి చూడండి. గుండ్రటి పొట్ట రకాల్లో ఇది మామూలు. పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం ఆశ తక్కువే. అప్పటికే కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి.

జబ్బేమిటో తెలియకుండా టెట్రాసైక్లిన్ గొట్టాలు విప్పి నీళ్లలో కలపటం నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే అలవాటు. ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా దెబ్బతింటుంది, మందుకు లొంగని చెడ్డది మిగులుతుంది. ఆ నీళ్లు చివరికి చేరేది మన మురుగు కాల్వలోకే.

చేతులు జాగ్రత్త

చేపల తొట్టెల్లో ‘మైకోబ్యాక్టీరియం మారినం’ అనే క్షయ కుటుంబపు బ్యాక్టీరియా ఉండొచ్చు. చేతి మీద గీత, కోత ఉంటే అందులోంచి దూరుతుంది. కొన్ని వారాలకు వేలి మీద నొప్పి లేని ఎర్రటి గడ్డ లేచి, నెమ్మదిగా మోచేతివైపు పాకుతుంది. మామూలు మందులకు తగ్గదు, నెలల తరబడి సరైన యాంటీబయాటిక్స్ వాడాలి. ఇలాంటి గడ్డతో డాక్టర్ దగ్గరికి వెళితే ఇంట్లో ఆక్వేరియం ఉందని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆ అనుమానమే రాకపోవచ్చు. గాయముంటే గ్లవుజులు వేసుకోవాలి. పైపును నోటితో పీల్చి నీళ్లు తోడొద్దు. వంటింటి సింకులో తొట్టె సామాను కడగొద్దు. షుగరు ఉన్నవారు, రోగనిరోధకశక్తి తగ్గించే మందులు వాడేవారు శుభ్రం చేసే పని వేరొకరికి అప్పగించటం మంచిది.

మళ్లీ తెచ్చే ముందు

ఇంగ్లండులో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో చనిపోయింది. అంతకాలం కాకపోయినా, బాగా చూసుకుంటే పదేళ్లు దాటటం సాధ్యమే. అయితే గుండ్రటి గాజు గిన్నెలో కాదు. ఒక్క చేపకైనా 60, 70 లీటర్లు, ఫిల్టర్ ఉండాల్సిందే. అంత చోటు లేదంటే పిల్లలకు అసలు కొనకపోవటమే నయమని నా అభిప్రాయం. ఇంట్లో ఇప్పటికే చేపలుంటే కొత్తదాన్ని మూడు వారాలు విడిగా ఉంచి కలపాలి. కవరులోని నీళ్లు తొట్టెలో పోయకూడదు. పెంచలేకపోతే షాపుకు తిరిగిచ్చేయండి, ఊరి చెరువులో మాత్రం వదలొద్దు.

ఉన్న చేప చనిపోయిందా? తొట్టె ఖాళీ చేయకండి. చేపను తీసేసి ఫిల్టర్‌ను నడవనివ్వండి. బ్యాక్టీరియాకు ఆహారంగా రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది, తర్వాత నైట్రైట్. మేత వేస్తున్నా వరుసగా వారం రోజులు రెండూ సున్నా చూపిస్తే, అప్పుడు పిల్లలను తీసుకుని షాపుకు బయల్దేరండి.