ఇంట ఉన్నా అందని ఇంటర్నెట్

1895లో జగదీశ్ చంద్ర బోసు కలకత్తాలో ఒక ప్రయోగం చేసి చూపాడు. ఆయన పరికరం నుండి వెలువడిన తరంగాలు నడుమనున్న గోడలను దాటిపోయి, అవతలనున్న గంటను మ్రోగించాయి, మందుగుండును పేల్చాయి. మధ్యలో తీగ లేదు. కంటికి కనిపించే బంధమేదీ లేదు. నూట పాతికేళ్ళు దాటిన తర్వాత, అదే జాతి తరంగాలు నేడు అసంఖ్యాకమైన భారతీయ గృహాలలో హాలులోని చిన్న పెట్టె నుండి బయలుదేరి, పడకగది గోడను దాటేసరికే నీరసించిపోతున్నాయి.

దీనివల్ల కలిగే నష్టం వినోదానికే పరిమితం కాదు. 2020లో కరోనా కారణంగా పాఠశాలలు మూతపడినప్పుడు, ఇంటర్నెట్ అందని గది విద్యార్థికి పాఠం అందని గది అయింది. ఇంటి నుండే వైద్యునితో మాట్లాడగల ‘ఈ-సంజీవని’ సేవ అదే సంవత్సరం ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. కాని మంచం దిగలేని వృద్ధురాలి గదిలోకి తరంగం చేరకపోతే, ఆ సౌకర్యం ఆమెకు లేనట్టే. చెల్లించే రుసుము ఇల్లంతటికీ. ఫలితం మాత్రం ఒక్క గదికి!

లోపం ఎక్కడ?

చాలామంది చేసే మొదటి పని, ఎక్కువ వేగమిచ్చే ఖరీదైన పథకానికి మారడం. పంపు నుండి నీరు ధారగా వస్తున్నా వంటింటి గొట్టం మూసుకుపోయి ఉంటే, పంపును మార్చి ప్రయోజనమేమిటి? కనుక మొదట రౌటర్ పక్కనే నిలబడి వేగం పరీక్షించాలి. అక్కడ కూడా వేగం తక్కువగా ఉంటే లోపం బయటి లైనులోనో, రౌటర్‌లోనో ఉన్నట్టు. కంపెనీకి ఫిర్యాదు చేయాలి. అక్కడ బాగుండి, గదిలో మాత్రం మందగిస్తే లోపం ఇంటిలోనిదే.

తరంగ బలాన్ని డెసిబెల్ లెక్కలో కొలిచే అప్లికేషన్లు ఫోనులోనే లభిస్తాయి. అంకె మైనస్ 50 దగ్గర ఉంటే బలం పుష్కలం. మైనస్ 67 వరకు వీడియో సంభాషణ సాఫీగా సాగుతుంది. మైనస్ 80కి దిగిందంటే మాట తెగిపోవడం ఖాయం. ఈ లెక్కలో 10 తగ్గితే బలం పదో వంతుకు పడిపోయినట్టని గుర్తుంచుకోవాలి. గదిగదికీ తిరిగి అంకెలు వ్రాసుకుంటే ఇంటి చిత్రం స్పష్టమవుతుంది.

రెండు బాటలు

అమెరికాలో 1985లో కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు అనుమతి లభించింది. 1997లో తొలి సాంకేతిక ప్రమాణం వెలువడింది; 1999లో ‘వైఫై’ అన్న పేరు పుట్టింది. భారత ప్రభుత్వం 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు నుండి మినహాయించింది. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో ఈ స్వేచ్ఛను విస్తరించింది.

ఈ రెండింటి స్వభావాలు వేరు. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అది గోడలను కొంత మెరుగ్గా దాటి దూరం పోగలదు. కాని వేగం తక్కువ, రద్దీ ఎక్కువ. పొరుగు ఫ్లాట్ల రౌటర్లు, బ్లూటూత్ పరికరాలు, చివరికి మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ బాటనే వాడుకుంటాయి. రెండవది వేగవంతమైనది, గోడ ఎదురైతే త్వరగా అలసిపోతుంది. కనుక రౌటర్ ఉన్న గదిలో 5, దూరపు గదిలో 2.4 ఎంచుకోవడం మంచిది. 2.4 పట్టీలో ఒకదానితో ఒకటి రాసుకోని ఛానళ్ళు 1, 6, 11. పొరుగువారు ఎక్కువగా వాడనిదాన్ని ఎంచుకోవాలి.

పెట్టె పెట్టే చోటు

కేబుల్ ఏ మూల నుండి లోపలికి వస్తే ఆ మూలనే రౌటర్‌ను బిగించి వెళ్ళడం పరిపాటి. వీధి గుమ్మం పక్కన పెడితే సగం తరంగాలు వీధి పాలవుతాయి. మన ఇళ్ళ తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, లోపల ఇనుప చువ్వలున్న కాంక్రీటు స్లాబులు తరంగాన్ని ఎంతగానో పీల్చుకుంటాయి. ఇనుప బీరువా, వెనుక లోహపు పూత గల నిలువుటద్దం దానిని వెనక్కి తిప్పికొడతాయి; నీరు మింగేస్తుంది. ఏ అడ్డూ లేని ఆరుబయట సైతం దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు తగ్గుతుంది.

అందుచేత ఇంటికి నడిమధ్య, ఛాతీ ఎత్తుకు పైన, తెరచి ఉన్న చోట రౌటర్‌ను ఉంచాలి. టీవీ వెనుక, అలమరలో, అటక మీద దాచకూడదు. ఇందుకు కేబుల్‌ను లోపలికి పొడిగించమని పనివానిని కోరవచ్చు. నిలువుగా ఉన్న యాంటెన్నా నుండి తరంగం గారె ఆకారంలో చుట్టూ వ్యాపిస్తుంది. గారె చిల్లు వలె, సరిగ్గా పైనా క్రిందా బలం తక్కువ. దీపం క్రిందే చీకటి అన్నట్టు, రెండంతస్తుల ఇంట్లో రౌటర్‌కు నేరుగా పైనున్న గదికే తరంగం సరిగా అందకపోవచ్చు. యాంటెన్నాలు రెండు ఉంటే ఒకదానిని అడ్డంగా వంచి చూడవచ్చు.

అప్పటికీ చాలకపోతే

చౌకగా దొరికేది రిపీటర్. దానిని తరంగం అందని గదిలోనే పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. బావిలో నీరుంటేనే కదా చేదలోకి వచ్చేది! తరంగం ఇంకా బలంగా ఉన్న నడిమి చోటనే దానిని ఉంచాలి. వినడం, తిరిగి పలకడం రెండూ ఒకే రేడియోతో చేసే రిపీటర్ వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. ‘మెష్’ పద్ధతిలో రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో కలిసి పనిచేస్తాయి. మెరుగైన ఫలితమిస్తాయి, ఖర్చు ఎక్కువ.

అన్నిటికన్నా నమ్మదగినది తీగ. 100 మీటర్ల వరకు సాగే ఈథర్‌నెట్ కేబుల్‌ను దూరపు గదికి లాగి, అక్కడ మరొక వైఫై పెట్టెను తగిలిస్తే, ఆ గదిలో తరంగం కొత్తగా పుట్టినట్టే. ఇల్లు కట్టుకొనేవారు కరెంటు పైపులతో పాటు ఇందుకు వేరొక పైపు వేయించుకుంటే, తర్వాత గోడలు పగలగొట్టే అవసరం ఉండదు. కదలని టీవీని, కంప్యూటర్‌ను కూడా తీగతో కలిపితే గాలిలో రద్దీ తగ్గుతుంది.

ఈ శ్రమ మూలగదిలోని వారి కోసం మాత్రమే కాదు. ఒక ఛానల్‌పై ఒకసారి ఒక పరికరమే మాట్లాడగలదు. తక్కినవి తమ వంతుకై వేచి ఉండాలి. బలహీనమైన తరంగంతో నత్తనడక నడిచే ఫోను, తన వంతులో ఎక్కువ కాలాన్ని తినేస్తుంది. దాని జాప్యాన్ని రౌటర్ పక్కనే కూర్చున్నవారు కూడా భరించవలసి వస్తుంది. చివరి గదికి తరంగం చక్కగా చేరితే ఇల్లంతా తేలికపడుతుంది. ఆ ప్రయత్నానికి మొదటి మెట్టు డబ్బు ఖర్చు కాదు. ఒక ఆదివారం ఉదయం రౌటర్‌ను మూల నుండి తీసి ఇంటి నడుమకు జరిపి చూడడమే.