ఆక్సొలోటల్ పోషణము



నేటి బాలబాలికలు బొమ్మలలో చూచి, ఇంట పెంచుకొందుమని ముచ్చటపడుచున్న యొక విదేశీయ జలచరమును గూర్చి నాలుగు మాటలు మనవిచేయదలచితిని. దాని పేరు ఆక్సొలోటల్. “తాతయ్యా, నాకొకటి తెప్పించవా?” యని మనుమడడిగినపుడు, ఔననుటకైనను కాదనుటకైనను పెద్దలకు కారణము తెలిసియుండవలయును గదా!

ఇది చేప కాదు. కప్పకు దాయాదియైన సాలమాండరు జాతికి చెందినది. జానెడు మొదలు మూరెడులోపు పొడవు పెరుగును. దీని పుట్టినిల్లు మెక్సికో నగరమునకు దక్షిణముననున్న సోచిమిల్కో సరస్సు, దాని కాలువలు. ఆ ప్రదేశము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల యెత్తున నుండుటచే నచ్చటి నీరు ఏడాది పొడవునను చల్లగా నుండును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. దీని పోషణమంతయు దీనిపైననే నిలిచియున్నది.

కప్పపిల్ల తోకతో, మొప్పలతో నీట పుట్టి, ఎదిగి, వానిని విడిచి గట్టెక్కును. ఆక్సొలోటల్ గట్టెక్కదు. మెడకు ఇరుప్రక్కల కుచ్చులవంటి మూడేసి మొప్పలతో బాల్యరూపముననే యుండి, గ్రుడ్లు పెట్టి సంతానవతి యగును. రూపమును మార్చు థైరాయిడ్ గ్రంథిరసము దీనియందు చాలినంత పనిచేయకపోవుటయే ఇందులకు హేతువు. 1864లో పారిస్ జంతుశాలకు 34 ఆక్సొలోటళ్లు చేరెను. మఱుసటి యేడు వాని సంతతిలో కొన్ని మొప్పలు విడిచి నేలకెక్కుట చూచి డ్యుమెరిల్ అను శాస్త్రజ్ఞుడు విస్మితుడయ్యెను. తెగిన కాలు మఱల మొలచుట దీని మఱియొక విశేషము.

ఇక పోషణక్రమము వినుడు. ఒక్క జీవికి కనీసము 80 లీటర్ల గాజుతొట్టి కావలెను. జీవిని తెచ్చుటకు నెలకు పైగా ముందే తొట్టిని సిద్ధపఱచి, మలినములను హరించు సూక్ష్మజీవులు నీటిలో స్థిరపడనీయవలెను. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని శుద్ధిచేయకుండ పోయరాదు. అడుగున గులకఱాళ్లు వేయరాదు; ఆహారముతోపాటు వానిని మ్రింగి ప్రాణము మీదికి తెచ్చుకొనును. కనుఱెప్పలు లేని జీవి గనుక తీవ్రమైన వెలుతురు పనికిరాదు. వానపాములు దీనికి శ్రేష్ఠమైన ఆహారము. ఎదిగినదానికి రెండు మూడు దినముల కొకసారి పెట్టిన చాలును. ఇతర చేపలను తోడుంచిన మొప్పలు కొఱుకును. చేతితో పట్టుట ఎంతమాత్రమును తగదు. చర్మము మిక్కిలి సుకుమారము.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటి చల్లదనము. 16 మొదలు 18 డిగ్రీలు దీనికి హితము. 24 దాటినచో ఆహారము మానును, వ్యాధిగ్రస్తమగును. మన వేసవిలో నీడనున్న తొట్టినీరు సైతము 30 డిగ్రీలు దాటుట మీరెఱుగుదురు. నీటిని చల్లబఱచు యంత్రము రేయింబవళ్లు ఆడవలెను. విద్యుత్తు ఒక్క మధ్యాహ్నము నిలిచిన ఆ జీవి గతి యేమి? పైగా ఇది 10 మొదలు 15 ఏండ్లు జీవించును. బాలుని ముచ్చట తీఱినను భారము తీఱదు.

చట్టమును గలదు. అంతర్జాతీయ ఒడంబడిక క్రింద నియంత్రింపబడిన ప్రాణి యగుటచే, 2022లో సవరింపబడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దీనిని నమోదు చేయింపవలెను. పెంచలేక చెఱువులో విడుచుట మహాపరాధము. పరదేశపు ప్రాణి యెట్టి హాని తెచ్చునో సోచిమిల్కోయే సాక్ష్యము. అచ్చట ఆహారమునకై తెచ్చి విడిచిన కార్పు, తిలాపియా చేపలు వీని గ్రుడ్లను, పిల్లలను భక్షించెను. నగరపు మురుగు తోడయ్యెను. 1998లో చదరపు కిలోమీటరునకు 6,000 ఉండిన ఆక్సొలోటళ్లు 2014 నాటి లెక్కలో 36కు దిగిపోయెను. గాజుతొట్టెలలో లక్షలు పెరుగుచున్నను, పుట్టినింట దీని వంశము అంతరించు దశకు వచ్చినది.

కావున నా విన్నపమిది. చల్లని నీరు, పదేండ్ల ఓపిక, ప్రభుత్వపు నమోదు, ఈ మూడును సమకూర్చగలవారు తొట్టెలలో పుట్టిన పిల్లనే తెచ్చుకొందురు గాక. తక్కినవారు నిస్సంకోచముగా కాదనుడు. తొలకరిలో మనుమని చెఱువుగట్టునకు తీసికొనిపోయి, తోకకప్ప కప్పగా మాఱు విధమును దినదినమును చూపుడు. ఆక్సొలోటల్ ఏ మార్పును పొందక నిలిచిపోయినదో అది వానికి కనులార గోచరించును.